ఊరి నడుమ 5జీ టవర్: భయం దేనికి?

చండూరు తమ్ముడు:
మా వాడకట్టులో ఒకాయన మిద్దె మీద 5జీ టవర్ వేస్తుంటే జనం అడ్డం పడ్డరు. క్యాన్సర్ వస్తదట, పిట్టలు చస్తయట. అడ్డం పడ్డోళ్ళందరి జేబుల్ల ఫోన్లే! ఆ తరంగాలకు అణువులను చీల్చేంత శక్తి లేదు. పైగా 2012 సెప్టెంబర్‌లో మన దేశం టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు దించింది. ఇదే జనం ఫ్లోరైడ్‌తోని పండ్లు గారపట్టినా బోరు నీళ్ళు తాగిన్రు, బోరుకు ఎవ్వలూ అడ్డం పడలే. నేనన్నది తప్పా?

అచ్చంపేట పిల్ల:
తప్పే అన్నా. బోరు గూడ ఒకప్పుడు కొత్త మిషనే, నీళ్ళు ఎగజిమ్మితే కొబ్బరికాయ కొట్టినం. భయపడకపోవుడే మన కొంప ముంచింది. 2019ల నల్లమల అడవిల అమ్రాబాద్ కాడ యురేనియం మీద జనం భయపడి రోడ్డెక్కితేనే గదా అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

మర్రిగూడ మాస్టారు:
ఇద్దరూ జెర ఆగుర్రి. ఫ్లోరైడ్ బోర్లతోని పుట్టలే, మన రాళ్ళల్లనే ఉంది. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల నల్లగొండ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్‌తోని పండ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) మీద వ్యాసం అచ్చయింది. అప్పటికి మనోళ్ళు తాగేది చేదబావి నీళ్ళే. మా నాయనకు నడుం వంగి మెడ బిగుసుకపోయింది. మొగులు చూడాల్నంటే గోడకు ఒరిగి పక్కకు తిరిగేటోడు. పటిక, సున్నం కలిపి నీళ్ళు తేర్చే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిన్రు. రోజూ బిందెల కలిపి, తేరేదాక కూసునేదెవరు? కూలికి పోవాలె గదా. తమ్మీ, భయం లేక తాగలే. వేరే నీళ్ళు లేక తాగినం.

చండూరు తమ్ముడు:
నీళ్ళ సంగతి ఒప్పుకుంటున్న సారూ. మరి టవర్?

గోడపక్క అక్క:
నేను చెప్తా. మా గోడకు ఆనుకొనే ఒకటుంది. కిరాయి పక్కింటాయనకు, కరెంటు పోతే జనరేటర్ పొగ మా వంటింట్లకు. రాత్రి దాని గుడగుడకు పిల్లలకు నిద్ర లేదు. రెండుసార్లు దరఖాస్తు పెడితే ఎవ్వలూ రాలే. "రేడియేషన్ అని రాయమ్మా, అప్పుడు వస్తరు" అన్నడు ఊర్లె ఒక పెద్దమనిషి. గట్లనే రాసిన. వారంల వచ్చిన్రు.

చండూరు తమ్ముడు:
అక్కా, అనుమానముంటే టవర్ల కోసం సర్కారు పెట్టిన తరంగ్ సంచార్ పోర్టల్‌ల ఫీజు కట్టు, వచ్చి రేడియేషన్ కొలుస్తరు.

గోడపక్క అక్క:
పొగను గూడ కొలుస్తరా?