కొత్తగా వచ్చాను, తాగుడు మానాలి – మీటింగులకు ఎలా వెళ్లాలి?

అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది, ఒంటరిగా ఉంటున్నాను. వారానికోసారి ఉండే అలవాటు ఇక్కడ రోజూ అయింది. పొద్దున లేస్తే చెయ్యి వణుకుతోంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే సంఘం) మీటింగుల గురించి విన్నాను. ఎలా వెతకాలి? మనవాళ్లు చూస్తే ఎలా? ఆఫీసులో తెలుస్తుందా? నలుగురిలో ఇంగ్లీషులో మాట్లాడమంటే నా వల్ల కాదు.

---

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి, చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నేను మానేసి తొమ్మిదేళ్లయింది.

చెయ్యి వణుకుతోందని రాశావు, ముందు ఆ సంగతి చూడాలి. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనబడి, తనెక్కడున్నాడో కూడా తెలియని స్థితి రావచ్చు. ప్రాణం మీదికొచ్చే విషయం ఇది, ఇక్కడ పట్టుదల పనికిరాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లి రోజుకెంత తాగుతున్నావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. మాత్రలిచ్చి జాగ్రత్తగా మాన్పిస్తారు. ఆయన్ని కలిసేదాకా నీ అంతట నువ్వు హఠాత్తుగా ఆపకు. ఫిట్స్, అయోమయం కనబడితే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యి.

మీటింగుకి మాత్రం ఇవాళే వెళ్లొచ్చు. పూర్తిగా మానాకే రావాలన్న నియమం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఏఏ వాళ్లు అడిగే అర్హత అదొక్కటే. వాళ్లదే మీటింగ్ గైడ్ అనే యాప్ ఉంది, చాలా దేశాల్లో దగ్గర్లోని మీటింగులు, టైములు చూపిస్తుంది. అక్కడ దొరక్కపోతే ఆ దేశపు ఏఏ వెబ్‌సైట్‌లో హెల్ప్‌లైన్ నంబరు చూడు. పక్కన 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా రావచ్చు, 'క్లోజ్డ్' అంటే మానాలనుకునేవాళ్లకే. నువ్వు రెండింటికీ వెళ్లొచ్చు. 'బిగినర్స్' అని రాసి ఉంటే ముందు అదే చూసుకో. గడప దాటడమే కష్టంగా ఉంటే ఆన్‌లైన్‌వి ఉన్నాయి, కెమెరా ఆపేసి వినొచ్చు. కానీ ఎప్పటికీ అక్కడే ఆగిపోకు. మనుషుల పక్కన కూర్చుంటే వచ్చే ధైర్యం వేరు.

నా మొదటి మీటింగు ఒక చర్చి కింది హాల్లో. (హాలు అద్దెకు తీసుకుంటారంతే, ఏఏ ఏ మతానికీ చెందదు.) తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను, లేచి పోవడానికి వీలుగా. ఒక ముసలాయన కాఫీ తెచ్చిచ్చాడు. కప్పు సగమే ఉంది. ఎందుకో అర్థం కాలేదు. చేతిలోకి తీసుకున్నాక అర్థమైంది, నిండుగా పోసుంటే నా వణుకుడుకి అంతా ఒంటిమీదే పడేది. ఆయన ఏమీ అడగలేదు, వెళ్లి తన చోట కూర్చున్నాడు. నేను మళ్లీ వెళ్లింది ఆ సగం కప్పు వల్లే.

ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోకు. నీ వంతు వస్తే 'పాస్' అను, లేదా పేరు చెప్పి ఇవాళ వింటానను. రెండు నెలలు నేను చేసిందదే. మూడో నెలలో నోరు విప్పితే, చెప్పాలనుకున్న మాటకి ఇంగ్లీషు తట్టక 'అవమానం' అని తెలుగులోనే అనేశాను. ఎవరూ అర్థం అడగలేదు, రెండు మూడు తలలు ఊగాయి. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహాలివ్వకపోవడం చాలా గ్రూపుల్లో పద్ధతి.

మనవాళ్లంటావా, నాకూ ఒకతను ఎదురయ్యాడు. బయట ఎక్కడ కనబడినా నేను పలకరించేదాకా ఆయన నన్ను తెలిసినట్టు చూడలేదు. ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేయగలిగే మనిషి ఆయనే. ఇంటిపేరు అడగరు, సభ్యుల జాబితా ఉండదు, ఆఫీసుకి కబురు పంపేవాళ్లెవరూ లేరు. ఫీజు లేదు. చందా బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు ఏమీ వేయక్కర్లేదు.

ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉన్నానన్నావు. ఏఏ మొదలైందే అలా. 1935లో ఒక స్టాక్ బ్రోకర్ పనిమీద అమెరికాలోని ఆక్రన్ వెళ్లాడు. పని చెడింది, హోటల్లో ఒక్కడే, పక్కనే బార్. తాను జారిపోకుండా ఉండాలంటే ఇంకో తాగేవాడితో మాట్లాడాలనిపించి వరసగా ఫోన్లు చేశాడు. అలా ఒక సర్జన్ దొరికాడు. వాళ్లిద్దరి మాటల్లోంచి పుట్టిందే ఏఏ.

మీటింగుల్లో దేవుడి ప్రస్తావన వస్తుంది, నీకు తోచినట్టు అర్థం చేసుకోవచ్చు. అస్సలు పడకపోతే స్మార్ట్ రికవరీ అనే వేరే సంస్థ గ్రూపులున్నాయి, అక్కడ ఆ ప్రస్తావన ఉండదు. ఒక గ్రూపు నచ్చలేదని మొత్తం వదిలెయ్యకు, గ్రూపుకీ గ్రూపుకీ చాలా తేడా.

---

అన్నయ్యగారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మావారు తాగేవారు. ఆయన చెప్పకముందే నాకు తెలుసు, ఫోన్లో గొంతు చెప్పేసేది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది బాబూ. అందరికీ వద్దు, ఒక్కరికి చెప్పండి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, ఆన్‌లైన్‌లోనూ జరుగుతాయి. నాలుగేళ్లు నేను వెళ్లాను. ఆడవాళ్లెవరైనా చదువుతుంటే, ఏఏలో ఆడవాళ్లకే ప్రత్యేకంగా మీటింగులుంటాయి, మొహమాటపడకండి.

---

డాక్టర్ అపాయింట్‌మెంట్ రేపు పొద్దున దొరికింది. యాప్‌లో చూశాను, గురువారం సాయంత్రం ఏడింటికి బిగినర్స్ మీటింగు ఉంది, నడిచి వెళ్లేంత దూరం. అక్కకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ఫోన్ చేస్తానంది.