బీజింగ్‌లో చీ బైషీ ఇల్లు: రెండు 13 నంబర్లలో ఏది?

చెరువుగట్టు (ఆకివీడు):
మేత మిషన్ల పని మీద నలుగురం బీజింగ్ వెళ్తున్నామండి. సోమవారం ఒక పూట ఖాళీ. రొయ్యల బొమ్మలకి పేరుపడ్డ చైనా చిత్రకారుడు చీ బైషీ ఇల్లు చూద్దామంటే, 13వ నంబరు ఇళ్లు రెండు కనపడుతున్నాయి. దేనికి వెళ్లాలి? అసలు బొమ్మలు ఉంటాయా?

రాజోలు కుంచె:
యూయెర్ హుటోంగ్ 13కి వెళ్లండి (హుటోంగ్ అంటే పాతకాలపు సందు). క్వాచె హుటోంగ్ 13లో ఆయన 1926 నుంచి ఉన్నమాట నిజమే గానీ, మామూలుగా జనానికి తియ్యరు. గేటు చూసి వెనక్కి రావడమే. యూయెర్ ఇల్లు 1955లో ప్రభుత్వం ఇచ్చింది. పెద్దాయనకి మనసు నిలవక నెలల్లోనే పాతింటికి వెళ్లిపోయారు. 2012 నుంచి దాన్ని మ్యూజియంగా తెరిచారు.

మెట్రో 6వ లైను గానీ 8వ లైను గానీ, నాన్‌లువోగుషియాంగ్ స్టేషన్. అదే పేరున్న వీధిలో ఉత్తరంగా నడిస్తే ఎడమచేతి మూడో సందు. గూగుల్ మ్యాపుని నమ్ముకోవద్దు, చిరునామా చైనా లిపిలో ఫోన్లో పెట్టుకోండి. అక్కడ డబ్బు కట్టే యాప్ అలీపేకి మీ కార్డు ఇక్కడే జతచేసుకోండి. అక్కడికెళ్లాక మన సిమ్‌కి ఓటీపీ రాక ఇరుక్కుంటారు. పాస్‌పోర్టు అసలుదే పట్టుకెళ్లాలి.

ఇల్లు మన మండువా లోగిలి లెక్కే, మధ్యలో ఆకాశం. కాకపోతే మండువాలో కప్పులన్నీ కలిసిపోతాయి, అక్కడ నాలుగు వైపులా నాలుగు ఇళ్లు విడిగా నిలబడతాయి. ఎండ పడాలని ఉత్తరపు ఇల్లు దక్షిణముఖంగా పెద్దదిగా కడతారు. ఆయన పనిగది అందులోనే అమర్చారు. గోడల మీదవి చాలావరకు నకళ్లు. అసలువి చావోయాంగ్ పార్కు దగ్గర బీజింగ్ చిత్రకళా అకాడమీ మ్యూజియంలో చూడాలి.

గౌతమి పాయ:
రొయ్య బొమ్మ దొరికితే కాళ్లు లెక్కెట్టండి. నిజం రొయ్యకి తోక కింద ఈతకాళ్లు ఐదు జతలు. గిన్నెలో రొయ్యల్ని పెంచుకుని చూస్తూ, ఏళ్ల తరబడి ఆ కాళ్లని తగ్గించుకుంటూ వచ్చి చివరికి ఐదు గీతల్లో తేల్చారాయన. పొడుగు గిట్టలు చూస్తే మన మంచినీటి రొయ్య నీలకంఠం గుర్తొస్తుంది, వనామి రకం కాదు.

ఒంటికి అద్దంలాంటి మెరుపు ఎక్కడిదంటే, సిరా బాగా పీల్చే ‘పచ్చి’ షువాన్ (పూత పెట్టని చైనా కాగితం) మీద పలచటి సిరాతో కణుపుకో కుంచె వేటు. తల మీద ముదురు గీత మాత్రం తడి ఆరకముందే పడాలి. తడి ఎక్కువైతే మరక, ఆరాక పెడితే ఉడికించిన రొయ్య!

చెరువుగట్టు (ఆకివీడు):
ఆయ్, అర్థమైంది. మరి సోమవారం?

రాజోలు కుంచె:
సోమవారం సెలవండి. ఆదివారం ఆ వీధి తిరనాళే. మంగళవారం తలుపు తీసే వేళకి చేరండి.