స్కౌట్‌ది నిజంగా అమాయకత్వమేనా?

సాగరతీరం: మొన్న ఆదివారం ద్వారకానగర్ లైబ్రరీ దగ్గర టీ తాగుతూ నలుగురం గంటసేపు వాదించుకున్నాం. హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ గురించి. 1960లో వచ్చిన నవల, 1930ల నాటి అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే చిన్న ఊరి కథ. పిల్లలకి పుట్టుకతో తేడాలు తెలియవు, పెద్దలే నూరిపోస్తారు, కథ చెప్పే చిన్నపిల్ల స్కౌటే సాక్ష్యం అని నా వాదన. కాదంటారా?

కిటికీగూడు: కాదంటాను. స్కౌట్ తరగతిలో చదివే వాల్టర్ కన్నింగ్‌హామ్ వాళ్లింటికి భోజనానికొచ్చిన సీను మళ్లీ చదవండి. కాళ్లకి చెప్పుల్లేని పిల్లాడు. కూరల మీదా మాంసం మీదా పాకం గుమ్మరించుకుంటుంటే, ఇదేం పని అని స్కౌట్ అందరి ముందూ అడిగేసింది. వంటింట్లోకి పిలిచి చీవాట్లు పెట్టింది నల్లజాతి వంటమనిషి కాల్పూర్నియా. చిన్నచూపు పిల్లది, మర్యాద పెద్దావిడది.

సరే, అది తెలియనితనం అనుకుందాం. మరి కోర్టులో? తెల్లమ్మాయిని చెరిచాడని అబద్ధపు నేరం మోపిన నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్‌ని ప్రాసిక్యూషన్ లాయరు చులకనగా ప్రశ్నిస్తుంటే స్కౌట్ స్నేహితుడు డిల్ తట్టుకోలేక ఏడ్చాడు. స్కౌట్ ఏమంది? ఎంతైనా అతను నీగ్రోయే కదా అంది. టామ్ తరఫున వాదించిన లాయరు అట్టికస్ పెంచిన కూతురు! ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఊరి గాలిలో ఉంది, పీల్చేసింది.

మా ఇంట్లోనూ అంతే. పెద జాలరిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడకి వెనక గుమ్మం దగ్గరే మంచినీళ్లు. ఆ గ్లాసు కిటికీ గూట్లో బోర్లించి ఉండేది, అంచు సొట్ట. నాకప్పుడు ఏడేళ్లు. ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి ఆ గ్లాసు మీదికే పోయేది.

అల్లిపురం అబ్బాయి: బాగుంది గానీ, తర్వాతి సంగతో? వాల్టర్‌ని ఇంటికి పిలవొద్దు, వాడు అలగా జనం అని అత్త అలెగ్జాండ్రా అంటే స్కౌట్ మండిపడింది కదా. మనుషులు నాలుగు రకాలని అన్న జెమ్ లెక్క తేలిస్తే, ఉన్నది ఒక్కటే రకం అంది. పెద్దవాళ్ల నోట ఆ మాట వస్తుందా?

కిటికీగూడు: ఆ మాట తీర్పు తర్వాత వచ్చింది గురూ. ఆ అమ్మాయిని కొట్టింది ఎడమచేతివాటం మనిషేనని అనిపిస్తున్నా, ఎడమచెయ్యి పనిచెయ్యని టామ్‌ని దోషి అనడం కళ్లారా చూశాక. దాన్ని అమాయకత్వం అంటే ఎలా? పైగా జెమ్ జవాబు చూడండి: నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను అంటాడు. వాడికి అప్పటికి నిండా పదమూడేళ్లు కూడా లేవు.

సాగరతీరం: ఇంతకీ ఆ గ్లాసు ఏమైంది?

కిటికీగూడు: ఇల్లు మారినప్పుడు సామానంతా సర్దాం. దాన్ని విడిగానే మూటకట్టాం.