గేమింగ్ పీసీకి లిక్విడ్ కూలర్ తప్పనిసరా?

ప్రశ్న:
నమస్కారం. విడిభాగాలు కొని సొంతంగా ఒక గేమింగ్ పీసీ కూర్చుకోవడం నాకు ఇదే మొదటిసారి. 1440పి, 144 హెర్ట్జ్ మానిటర్ ఇప్పటికే ఉంది. దానికి తగినట్టు రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ అనుకున్నాను. ఈ ప్రాసెసర్ బాగా వేడెక్కుతుందని చాలామంది చెప్పడంతో 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్‌ను (పంపుతో ద్రవాన్ని తిప్పుతూ, రేడియేటర్ అనే రేకుల పలక దగ్గర వేడిని వదిలేసేది), ముందువైపు మొత్తం అద్దం ఉన్న కేబినెట్‌ను ఎంచుకున్నాను. ఆటలు తప్ప వీడియో ఎడిటింగ్ వంటి భారీ పనులేవీ చేయను. కూలర్‌కు పెట్టే డబ్బు మరోచోట పెడితే మేలేమోనన్న సందేహం మాత్రం వదలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీ సందేహం సరైనదే. 7800ఎక్స్3డి వేడెక్కుతుందన్న మాట నిజమే గానీ, అది విద్యుత్తు ఎక్కువ లాగడం వల్ల కాదు. ఇందులో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఉన్న చిప్ పైన అదనపు కాష్ (వేగవంతమైన చిన్న మెమరీ) చిప్, దాని పక్కన ఎత్తు సమం చేసే సిలికాన్ పొర ఉంటాయి కాబట్టి, కోర్లలో పుట్టిన వేడి ఆ పొరను దాటుకొని కూలర్ దాకా రావాలి. ఈ అడ్డంకి చిప్ లోపలే ఉంది గనుక ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా దాన్ని తొలగించలేదు. తయారీదారు ఏఎండీ దీనికి 89 డిగ్రీల గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆటల్లో ఇది సాధారణంగా 100 వాట్లకు లోపే వాడుకుంటుంది. మీ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 220 వాట్ల దాకా తీసుకుంటుంది. అంటే కేబినెట్‌లో పోగయ్యే వేడిలో అధిక భాగం కార్డుదే, ప్రాసెసర్ కూలర్ దానికి ఏమీ చేయలేదు.

ఐదారు రాగి గొట్టాలు, వాటిపై లోహపు రేకులు, ఫ్యాన్ ఉన్న మంచి టవర్ ఎయిర్ కూలర్ మీకు నిశ్చింతగా సరిపోతుంది. ఎయిర్ కూలర్ అని పేరే గానీ, ఆ గొట్టాల్లోనూ కొద్దిపాటి ద్రవం ఉంటుంది. అది ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ వెనక్కి చేరుతూ ఏ పంపూ లేకుండానే వేడిని మోస్తుంది.

రెండవ సమాధానం:
కూలర్ కంటే ముందు ఆ కేబినెట్ గురించి ఆలోచించమని నా మనవి. నాదీ ముందువైపు అద్దం ఉన్నదే. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు గ్రాఫిక్స్ కార్డు 83 డిగ్రీలకు చేరేది, ఫ్యాన్ల హోరు హెడ్‌ఫోన్లలోంచి కూడా వినిపించేది. థర్మల్ పేస్ట్ (చిప్‌కు, కూలర్‌కు మధ్య పూసే, వేడిని చేరవేసే ముద్ద) మార్చాను, ఫ్యాన్లు మార్చాను, ప్రయోజనం లేకపోయింది. చివరికి పక్క పలక విప్పి, అదే ఆటలో అదే సన్నివేశాన్ని అంతే సేపు నడిపితే 9 డిగ్రీలు తగ్గింది. అద్దం అంచున వేలెడు సందు మాత్రమే ఉంది. ముందున్న మూడు ఫ్యాన్లూ అందులోంచే గాలి పీల్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు వాడుతున్న జాలీ కేబినెట్ ముందు కాగితం ముక్క పెడితే ఇట్టే అతుక్కుపోతుంది. ముందు రెండు 140 లేదా మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలిని లోపలికి తెస్తూ, వెనుక ఒకటి బయటికి తోస్తూ ఉంటే మీ పీసీకి చాలు.

మూడవ సమాధానం:
పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ లిక్విడ్ కూలర్‌ను పూర్తిగా కొట్టిపారేయలేము. 200 వాట్లకు పైగా లాగే ప్రాసెసర్‌తో గంటల తరబడి రెండరింగ్ (వీడియోలు, 3డీ దృశ్యాలను తయారుచేసే భారీ పని) చేసేవారికి అది నిజంగా పనికొస్తుంది. మీ అవసరం అది కాదు. పైగా పంపు ఎప్పుడో ఒకప్పుడు అరిగిపోయే భాగం, గొట్టాల గోడల గుండా ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. ఒకవేళ అదే తీసుకుంటే రేడియేటర్‌ను కేబినెట్ పైభాగంలో బిగించండి. లోపలి గాలి బుడగలు ఎత్తైన చోటికి చేరతాయి. ఆ చోటు పంపు కాకూడదు.

మిగిలిన డబ్బును పవర్ సప్లై మీద పెట్టండి. మీ కార్డుకు దాని చిప్ తయారీదారు ఎన్విడియా సూచించినది 650 వాట్లు. రేపు కార్డు మార్చే ఆలోచన ఉంటే నాణ్యమైన 750 వాట్లది తీసుకోండి. ర్యామ్ నాలుగు ముక్కలు కాకుండా 16 జీబీవి రెండే, 6000 వేగం, సీఎల్30 (స్పందనలో ఆలస్యాన్ని చూపే సంఖ్య) ఉన్నవి ఎంచుకోండి. బయోస్‌లో (పీసీ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగపు సెట్టింగ్‌ను ఆన్ చేయడం మరిచిపోతే ఆ వేగానికి చెల్లించిన డబ్బు వృథా అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. జాలీ కేబినెట్‌కు, టవర్ కూలర్‌కు మారుతున్నాను. కేబినెట్‌లో 160 మిల్లీమీటర్ల ఎత్తు వరకే పడుతుందట, కూలర్ 157 ఉంది. ఇబ్బంది ఉంటుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కూలర్‌కు ఇబ్బంది లేదు, ర్యామ్‌ను చూసుకోండి. ర్యామ్ మీది రేకులు ఎత్తుగా ఉంటే కూలర్ ముందు ఫ్యాన్‌ను పైకి జరిపి బిగించాల్సి వస్తుంది. అప్పుడు ఆ 3 మిల్లీమీటర్ల వెసులుబాటు పోయి పక్క పలక మూసుకోదు. పొట్టి ర్యామ్ తీసుకోండి. బిగించే ముందు కూలర్ అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను తప్పకుండా ఊడదీయండి.