ఎడమ మలుపులో ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది: 1964 గెలాక్సీ, ఫోర్డ్ 427

ప్రశ్న:
నార్త్ కరోలినాలో ఉంటాను. మా వీధిలో ఒక పెద్దాయనకు 1964 ఫోర్డ్ గెలాక్సీ స్టాక్ కారు (మామూలు కారు రూపంలోనే ఉండే రేసు కారు) ఉంది, పాత కార్ల రేసుల్లో నడుపుతారు. నా శనివారాలన్నీ ఆయన షెడ్డులోనే. ఇంజన్ ఫోర్డ్ 427, టాప్ ఆయిలర్ రకం (ఆయిల్ ముందు పైకి వెళ్లేది). స్ట్రెయిట్‌లో 65 పీఎస్ఐ చూపించే ముల్లు ఎడమ మలుపు మధ్యలో 20కి జారుతుంది, మలుపు దాటగానే లేస్తుంది. పోయిన వారం ఫిల్టర్ కోసి మడతలు విప్పితే రాగి రంగులో సన్నటి పొట్టు కనిపించింది. అయస్కాంతానికి అంటలేదు. ఇంజన్ బ్లాక్ (ప్రధాన దిమ్మ) మార్చి, తర్వాత వచ్చిన సైడ్ ఆయిలర్ రకం వేయమని అందరూ అంటున్నారు. పెద్దాయన 30 ఏళ్లుగా కాపాడుకుంటున్న బ్లాక్ అది. మార్చక తప్పదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
బ్లాక్ జోలికి వెళ్లకు తమ్ముడూ. డెట్రాయిట్ దగ్గర మెషిన్ షాపులో 22 ఏళ్లు పనిచేశాను, ఈ ఇంజన్లు చాలానే విప్పాను. 1963లో వచ్చిన 427 టాప్ ఆయిలర్‌లో ఆయిల్ ముందు పైకి, వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ వైపు వెళ్లి, తర్వాతే క్రాంక్ ఇరుసును మోసే మెయిన్ బేరింగులకు దిగుతుంది. 1965 సైడ్ ఆయిలర్‌లో బ్లాక్ పక్కన పొడవునా ఒక గ్యాలరీ (ఆయిల్ దారి) పెట్టి మెయిన్ బేరింగులకే ముందు అందించారు. రేసులో గంటల తరబడి తిరిగే క్రాంక్‌కు అది నిజంగా మేలు. కానీ అదంతా పంపు దాటాక ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న సంగతి. నీ ముల్లు మలుపులోనే పడుతోందంటే పంపుకే ఆయిల్ అందడం లేదు. ఎడమకు తిరిగితే ఆయిల్, ప్యాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) కుడి గోడకు ఎక్కుతుంది. పికప్ (పంపు ఆయిల్ పీల్చుకునే గొట్టం మూతి) ఎక్కడుంది? ట్రాక్ చదునుగా ఉంటుందా?

ప్రశ్న అడిగినవారు:
దాదాపు చదునే అన్నా. పికప్ ఇంకా చూడలేదు.

జవాబు 1:
చదును ట్రాకే ఎక్కువ ఇబ్బంది. ఫ్లోరిడాలోని డేటోనా రేసు ట్రాక్‌లో మలుపు 31 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి ఆ తోపులో కొంత ఆయిల్‌ను ప్యాన్ అడుగుకే నొక్కుతుంది. చదునులో మొత్తం పక్కకే. ప్యాన్‌ను కుడివైపు వెడల్పు చేయించి, పికప్ అటే పెట్టించు. దాని చుట్టూ ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులుండాలి. ఆయిల్‌ను లోపలికి రానిస్తాయి, వెనక్కి పోనివ్వవు.

జవాబు 2:
ఆ పొట్టు మాట మరిచిపోకండి. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పేవారు, బేరింగు పైపొర బూడిద రంగు, దాని కింద రాగి అని చిన్నప్పుడే చూపించారు. రాగి బయటపడిందంటే పైపొర అరిగిపోయినట్టే. విప్పి చూసేదాకా దయచేసి స్టార్ట్ చేయకండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ప్యాన్ దించాం. పికప్ సరిగ్గా మధ్యలో ఉంది, తలుపులు లేనే లేవు. పిస్టన్ రాడ్లను క్రాంక్‌తో కలిపేచోట ఉండే రాడ్ బేరింగులలో రెండింటిలో బొటనవేలి గోరంత మేర రాగి తేలింది. క్రాంక్ మీద గోరుతో గీస్తే ఎక్కడా తట్టుకోలేదు, అదృష్టం! కొత్త బేరింగులు, కుడివైపు పొట్ట పెంచిన ప్యాన్ చెప్పాం. బిగించాక డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్‌తో పంపు తిప్పి, ఇంజన్ పైన వాల్వులను కదిపే రాకర్ల దగ్గర ఆయిల్ ఊరాకే స్టార్ట్ చేస్తాం. ఈ ఇంజన్‌కు డ్రిల్ రివర్స్‌లో తిప్పాలని పెద్దాయన రెండుసార్లు గుర్తు చేశారు. బ్లాక్‌ను ఆయనే శుభ్రంగా కడిగి, ఆయిల్ రాసి, పాత దుప్పటి కప్పి ఉంచారు.