సముద్రపు గాలికి ఫ్యాను రాడ్ తుప్పు – ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు. కిటికీ తీస్తే సముద్రమే. హాల్లో ఫ్యాను రెగ్యులేటర్ ఐదులో పెట్టినా రెండులా తిరుగుతోంది. రాడ్ పైన ఉండే గిన్నెలాంటి మూత దించి చూస్తే రాడ్ పొరలుపొరలుగా తుప్పు. మా అమ్మ దాని కిందే పడుకుంటుంది. నాకు నిద్ర పట్టట్లేదండీ.

జవాబు 1: ముందు అమ్మగారి మంచం పక్కకి జరపండి. తర్వాతే మిగతావి.

మెయిన్ ఆపి రెక్కని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే కండెన్సర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న డబ్బా, కెపాసిటర్) బలహీనపడి ఉంటుంది, గరగరమంటే బేరింగ్ పాడైనట్టు. కండెన్సర్ మీద ఎంత రాసుందో అంతే కొనండి, చాలావాటికి 2.5 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, దాని కొలత). స్పీడు కోసం పెద్దది వేస్తే వైండింగ్ (మోటారులోని తీగ చుట్ట) వేడెక్కుతుంది.

రాడ్ మాత్రం రంగు వేసి సరిపెట్టొద్దు, మార్చండి. బోల్టులు, పిన్ను, రబ్బరు బుష్ కూడా కొత్తవే. స్లాబులో కొక్కెం తప్పక చూడాలి, అది సన్నబడితే కొత్త రాడ్ ఉన్నా దండగే. ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్యండి.

జవాబు 2: మాది ఎంవీపీ కాలనీ, అక్కడా ఇదే బాధ. ఉప్పు జిడ్డుకి దుమ్ము అంటుకుని ఫ్యాను ఊగేది. పాత దిండు గలీబు రెక్కకి తొడిగి లాగితే దుమ్మంతా అందులోకే వస్తుంది. తర్వాత తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. రెక్క వంచకండి.

ప్రశ్న అడిగినవారు: కండెన్సర్, రాడ్ మార్పించాను. కొక్కెం గట్టిగానే ఉందట. అమ్మ మంచం ఇంకా పక్కనే ఉంది, రెండ్రోజులు చూసి మళ్ళీ పాత చోటుకి జరుపుతాను.