ఏడో నెలలో పుట్టింటికి: ఫైల్ ఏ వరసలో పెట్టాలి?

గోరింటాకు
చెల్లికి 30వ వారం. ఇన్నాళ్లూ హైదరాబాద్‌లో చూపించారు, కాన్పు అమలాపురంలో. కాగితాలన్నీ ఒకే క్యారీబ్యాగ్‌లో కలిసిపోయి ఉన్నాయి. కొత్త డాక్టరుగారికి ఎలా సర్ది ఇవ్వాలండీ?

ఓపీ చీటీ
ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఎన్నో కాన్పు, అబార్షన్లేమైనా అయ్యాయా, ఎల్‌ఎంపీ (చివరి నెలసరి మొదలైన తేదీ), ఈడీడీ (కాన్పు అంచనా తేదీ), పడని మందులు, వాడుతున్న మందులు. ‘థైరాయిడ్ మాత్ర’ అని రాస్తే చాలదు, ‘థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు, పొద్దున పరగడుపున’ అని ఉండాలి. కింద గళ్లు గీసి ప్రతి చెకప్‌కీ తేదీ, వారం, బరువు, బీపీ, హిమోగ్లోబిన్. ఫైల్ తెరవగానే ఇదే కనబడాలి. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు నలభై కాగితాలు తిరగెయ్యరు.

దాని వెనక ఎంసీపీ కార్డు (సర్కారు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు), తర్వాత స్కాన్లు, రక్తపరీక్షలు, చివర ప్రిస్క్రిప్షన్లు. బిల్లులు ఇందులో వద్దు, వేరే కవర్లో.

మొదటి కాన్పు సిజేరియన్ అయితే ఆ డిశ్చార్జ్ సమ్మరీ కార్డు కన్నా ముందే పెట్టండి.

వారాల లెక్క
తికమకంతా ఈడీడీ దగ్గరే. మిషన్ ఆ రోజు బిడ్డ కొలతలు చూసి లెక్క కడుతుంది కాబట్టి ప్రతి స్కాన్ రిపోర్టులో ఒక కొత్త తేదీ వస్తుంది. 32వ వారం స్కాన్ పది రోజులు ఆలస్యంగా చూపిస్తే కాన్పు తేదీ మారినట్టు కాదు. బిడ్డ ఎదుగుదల తక్కువుందేమో డాక్టరు చూడాల్సిన విషయం అది.

నమ్మాల్సింది మొదటి మూడు నెలల స్కాన్. అందులో సీఆర్‌ఎల్ అని, బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు ఉంటుంది. 9 నుంచి 13 వారాల మధ్య తీసిన స్కాన్ తేదీకీ ఎల్‌ఎంపీ తేదీకీ 7 రోజులకు మించి తేడా ఉంటే మామూలుగా స్కాన్ తేదీనే ఖాయం చేస్తారు. హైదరాబాద్ డాక్టరు ఏది ఖాయం చేశారో అడిగి, ఎర్రపెన్నుతో సున్నా చుట్టండి. హిమోగ్లోబిన్ ఎప్పుడైనా మళ్లీ చేయించొచ్చు, ఆ స్కాన్ పోతే మళ్లీ రాదు.

పాత ఫైలు
స్కాన్ బొమ్మల్ని లామినేషన్ చేయించకండి. అది థర్మల్ కాగితం, వేడి తగిలితే మొత్తం నల్లబడుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేసినా అంతే. కొన్ని ప్లాస్టిక్ పాకెట్లలో వెలిసిపోతుంది కూడా. అదే రోజు ఫొటో తీసి, అసలుది కాగితం కవర్లో పెట్టండి. అయినా డాక్టరుకి కావలసింది బొమ్మ కన్నా టైపు చేసిన రిపోర్టు.

గోరింటాకు
రిపోర్టులు కొన్ని వాట్సాప్‌లోనే ఉన్నాయి. చాలవా? పంచ్ చేసి రింగ్ ఫైల్లో పెడదామనుకున్నా.

పాత ఫైలు
ఫొటోగా పంపితే అంకెలు అలుక్కుపోతాయి, పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపించుకోండి. పేరులో ఏడాది ముందు రాయండి, ‘2025-03-14 టిఫా’ (ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే స్కాన్) లాగా, వాటంతటవే వరసలోకి వస్తాయి. ల్యాబ్ ఎస్సెమ్మెస్ లింకుల్ని నమ్ముకోవద్దు, కొన్నాళ్లకి తెరుచుకోకపోవచ్చు. పంచ్ రంధ్రం సరిగ్గా తేదీ మీదే పడుతుంది! పాకెట్ల ఫైల్ కొని ఒక్కో దాంట్లో ఒక్క కాగితమే పెట్టండి.

నెగెటివ్ గ్రూపు
చెల్లి బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే 28వ వారంలో యాంటీ-డి (బిడ్డ రక్తానికి ఎదురుగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా చేసే ఇంజెక్షన్) ఇచ్చారా, ఏ తేదీన, ఎంత మోతాదు (మామూలుగా 300 మైక్రోగ్రాములు) అన్నది మొదటి పేజీలోనే రాయాలి. ఆ ఇంజెక్షన్ తర్వాత ఐసీటీ (ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే రక్తపరీక్ష) చేస్తే పాజిటివ్ రావచ్చు. ఇచ్చిన సంగతి తెలియకపోతే కొత్తచోట కంగారు పడతారు. అంతకుముందు చేసిన ఐసీటీ, భర్త గ్రూపు రిపోర్టు పక్కనే ఉంచండి. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు మళ్లీ ఇవ్వాలి.

సబ్‌సెంటర్ సంగతులు
ఇంటిపేరు చూసుకోండమ్మా. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ల్యాబ్‌లో అత్తింటిది, స్కాన్‌లో ఉట్టి పేరు ఉంటే ఎవరి రిపోర్టో తేలదు. ఇకపై ఎక్కడైనా ఆధార్‌లో ఉన్నట్టే చెప్పండి. అమలాపురంలో ఏఎన్‌ఎమ్‌కి (సబ్‌సెంటర్ నర్సుకి) ఎంసీపీ కార్డు మీద ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా సర్కారు దగ్గర నమోదైన నంబరు) చూపించండి. కొత్తగా మళ్లీ నమోదు చేయించకండి, రెండు నంబర్లయితే మాతృవందన (గర్భిణులకు కేంద్రం ఇచ్చే సాయం) డబ్బుల దగ్గర చిక్కు. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే) ఇంజెక్షన్లు ప్రైవేటులో వేయించుంటే ఆ తేదీలు కార్డులో ఎక్కించమని అడగండి. లేదంటే వేసుకోనట్టే లెక్క.